నూనె జూపు గాజుకిటికీ

యంత్రములతో స్త్రీలకేమి పనియని తలచిన కాలము గతించినది. ఇంట కుట్టుమిషను, పెరట నీటి మోటారు, మన నెల్లూరు తీరమున నైతే ఊరివెలుపల రొయ్యలగుంట. వీనిని కనిపెట్టి చూచుకొనువారిలో మనమును ఉన్నాము. తిరుగు చక్రములకు నూనెయే ప్రాణము. ఆ నూనె యెంత యున్నదో మూత విప్పకయే తెలియుటకై కొన్ని యంత్రములకు గాజుతోనో, తేటయైన ప్లాస్టిక్కుతోనో చిన్న కిటికీ నమర్తురు. ఈ మాసము దానిని గూర్చి ముచ్చటింతము.

పూర్వము ఆవిరియంత్రములకు నూనె వేయుటకై వానిని తఱచుగా నిలుపవలసి వచ్చెడిది. బానిసత్వమునుండి తప్పించుకొని కెనడా చేరిన దంపతుల కుమారుడగు ఎలైజా మెక్కాయ్, యంత్రము నడచుచుండగనే నూనె తనంతట పడు సాధనమునకు 1872లో పేటెంటు పొందెను. నూనె బొట్లు పడుట కంటికి కనబడునట్లు గాజు నమర్చిన సాధనములును క్రమముగా వ్యాప్తికి వచ్చినవి.

గత వేసవిలో మైపాడు దాపుననున్న మా చెల్లెలి యింటికి వెళ్లితిమి. వారిది కౌలు గుంట. రొయ్యల మేతకొఱకు చెల్లెలి గొలుసు తాకట్టున నున్నది. ఒకనాటి రాత్రి రెండు గంటలవేళ ఏరేటరు ఆగిపోయెను. రాత్రివేళ నీటిలోని నాచు సైతము ప్రాణవాయువును పీల్చుకొనును. తెల్లవారుజామున నీటిలో నది మిక్కిలి తక్కువగా నుండును. అట్టి వేళ ఏరేటరు నిలిచిన రొయ్యల కూపిరాడదు. మా మరిది పొరుగు గుంటవారి ఏరేటరును తెచ్చి తిప్పించుటచే పంట దక్కినది గాని, ఒక మూలనున్న రొయ్యలు చచ్చి తేలినవి.

ఉదయమున గేర్ బాక్సు విప్పగా, అరిగిన సీలుగుండ నూనెయంతయు కారిపోయియున్నది. “నిన్ననే చూచితిని గదక్కా! గాజులో నూనె కనబడినది” అని చెల్లెలు కంటతడి పెట్టెను. గాజును విప్పి చూచితిమి. లోపలివైపున పాతనూనె గోధుమరంగు గీతయై యెండి యంటుకొనియున్నది. ఆ మరకనే ఆమె నూనెమట్టమని భ్రమించినది. “తప్పు నీది కాదమ్మా, ఈ సంగతి నీ కెవరు చెప్పిరి గనుక!” అని యోదార్చితిమి. చెప్పవలసిన దిది:

మొదట కరెంటు నాపవలెను. యంత్రమును సమతలమున నుంచి, నూనె క్రిందికి దిగువఱకు కొంతసే పాగవలెను. ఉప్పుగాలికి పట్టిన మకిలిని గుడ్డతో తుడిచి చూడవలెను. యంత్రమును కొంచెము కదలించిన, నిజమైన నూనెయైనచో మట్టము కదలును, మరకయైనచో కదలదు. గుర్తు లేనిచోట సాధారణముగా నూనె కిటికీ నడుమవఱకు నుండవలెను. పాలవలె తెల్లబడిన లోపలికి నీరు చేరినదని యర్థము. అట్టిదానిపై క్రొత్తనూనె పోయక, అంతయు తీసివేసి, నీరు వచ్చు దారిని మూయింపవలెను. ఎక్కువగా పోసినను నురుగుకట్టి సీలుగుండ వెలికి వచ్చును. మట్టము మాటిమాటికి తగ్గుచున్నచో, పోయుటతో తృప్తిపడక కారుచోటు వెదకవలెను.

దుస్తుల కర్మాగారములలోని వేగపు కుట్టుమిషన్లకు మాత్రము పద్ధతి వేఱు. వాని తలపైనున్న కిటికీలో, మిషను నడచునపుడే నూనె చిమ్ముట కనబడవలెను. కనబడకున్న వెంటనే నిలుపవలెను. ఇంటి మిషనుకు కొబ్బరినూనె వేయు అలవాటు కొందఱికి గలదు. అది కాలక్రమమున జిగురై పట్టును గాన మిషను నూనెనే వాడుడు.

ఇప్పుడు మా చెల్లెలు ప్రతి ఆదివారమును గాజు తుడిచి, మట్టము చూచి, వంటింటి క్యాలెండరుపై గుర్తు వేయుచున్నది. గాజుకిటికీ చూచుటకు వీలు కల్పించును గాని, మనకు బదులుగా తాను చూడదు గదా!