ఐడీవీకి కోత పెడితే ఒప్పుకోవద్దు

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ఇళ్లను ముంచెత్తినప్పుడు వీధుల్లో ఉన్న కార్లూ బైకులూ రోజుల తరబడి నీళ్లలోనే నానాయి. ఇంజిన్‌లోకి బురద చేరిన కారును షెడ్డుకు చేర్చాక యజమాని వినాల్సివచ్చే మాట ‘టోటల్ లాస్’. అసలు పేచీ అక్కడ మొదలవుతుంది. బండి ఖరీదు ఎంత?

జవాబు పాలసీ కాగితం మీదే ఉంది, ఐడీవీ అన్న గడిలో. ఆ మోడల్ అమ్మకపు ధరలోంచి బండి వయసును బట్టి తరుగు తీసి ఆ అంకె వేస్తారు. ఆరు నెలల్లోపు బండికి 5 శాతం, రెండు దాటి మూడేళ్లలోపు దానికి 30, నాలుగు దాటి ఐదేళ్లలోపు దానికి 50. ఆపైన ఇరుపక్షాలూ ఒప్పుకున్న మొత్తం. బాగుచేయించే ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే బండి పూర్తిగా పోయినట్టే లెక్క.

పాలసీ నడుస్తున్న ఏడాదిలో ఈ అంకె మీద మళ్లీ తరుగు తీయకూడదు. అయినా, ‘‘బయట దీనికి అంత రాదండీ’’ అని సర్వేయర్ అనగానే చాలామంది తలూపేస్తారు. ఊపనక్కర్లేదు. ఒక విలువ ఒప్పుకొని దానిమీద ప్రీమియం వసూలు చేసుకున్న కంపెనీ, బండి పోయాక ఆ విలువ తక్కువని అనడం చెల్లదని ధర్మేంద్ర గోయల్ కేసులో సుప్రీంకోర్టు 2008లోనే చెప్పింది. సర్వేయర్ నివేదిక తుదిమాట కాదని మరుసటి ఏడాది ప్రదీప్ కుమార్ కేసులో తేల్చింది. ఇది న్యాయం కూడా. ప్రీమియానికి ఒక ధర, పరిహారానికి ఇంకో ధర ఎలా ఉంటుంది?

తుక్కు ధర సంగతి వేరు. బండిని యజమానే ఉంచుకుంటే దాని విలువ తగ్గించి ఇవ్వడం సబబే. కంపెనీకే అప్పగిస్తే ఆ కోత ఉండకూడదు.

రెన్యువల్ వేళ రెండు వేలు మిగులుతాయని ఐడీవీని తామే తగ్గించుకునేవారూ ఉన్నారు. వాళ్లకు తర్వాత అడిగే హక్కు మిగలదు.

కోత అన్యాయమనిపిస్తే సర్వేయర్ నివేదిక కాపీ అడిగి, అభ్యంతరాన్ని కంపెనీకి రాతపూర్వకంగా ఇవ్వాలి. ‘పూర్తి, చివరి చెల్లింపు’ అన్న వోచర్ మీద తొందరపడి సంతకం పెట్టొద్దు. నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. అక్కడి తీర్పును కంపెనీ పాటించి తీరాలి. యజమానికి అది నచ్చకపోతే వినియోగదారుల కమిషన్ తలుపు తెరిచే ఉంటుంది.