ఎండ చాలని దేశములలో మనవారు

మన ప్రాంతపు బిడ్డలనేకులు నేడు బ్రిటను, కెనడా మొదలగు చలిదేశములకు పోయి చదువుచున్నారు, ఉద్యోగములు చేయుచున్నారు. బిడ్డ ప్రయాణమగునప్పుడు తల్లి ఆవకాయను, కందిపొడిని, ఉన్నిబట్టలను మఱువక పెట్టెలో సర్దును. కాని ఆ బిడ్డ ఇక్కడనే విడిచిపోవునది యొకటి కలదు. దానిని ఏ పెట్టెలోను సర్దుటకు వీలులేదు. అది మన యెండ.

ఎండలోని యొకవిధమైన కంటికి కనబడని కిరణములు చర్మమునకు సోకినప్పుడు మన దేహములో డి విటమిను పుట్టును. మన మాహారముతో తిను కాల్షియము రక్తములోనికి, ఎముకలలోనికి చేరుటకు ఇది యవసరము. ఇది చాలనిచో పిల్లల యెముకలు మెత్తబడి కాళ్లు వంగును. ఈ వ్యాధికే రికెట్సని పేరు. పెద్దవారికి ఎముకల నొప్పులును, కండరముల నీరసమును కలుగును. బ్రిటనులో అక్టోబరు మొదలు మార్చి ఆరంభము వఱకు సూర్యుడు ఆకాశమున క్రిందుగానే సంచరించుటచే ఆ కిరణములు చాలినంతగా నేలకు దిగవు. మన చర్మములోని నల్లదనము సృష్టికర్త మనకిచ్చిన గొడుగు. మండుటెండలు కాయు నాట అది మనలను కాపాడును. ఎండ చాలని నాట ఆ గొడుగే కొద్దిపాటి కిరణములను గూడ అడ్డగించును. ఇది లోపము కాదు. చోటు మాఱుటవలన వచ్చిన చిక్కు మాత్రమే.

ఎండకును రికెట్సునకును గల సంబంధమును మొదట గ్రహించినవారిలో ఒక మిషనరీ వైద్యుడున్నాడని మన విద్యార్థు లెఱుగుట మంచిది. థియోబాల్డ్ పామ్ దొర జపానులో సేవచేసి స్వదేశమునకు మరలి వచ్చెను. అచ్చట తనకు కనబడని యీ వ్యాధి బ్రిటనులో విరివిగా నుండుట చూచి ఆశ్చర్యపడెను. ఇండియా, చైనా మొదలగు దేశములలోని మిషనరీలను విచారించి, ఎండ కొఱతయే కారణమని 1890లో ప్రకటించెను. డి విటమిను అను పేరు పుట్టుటకు ఇంకను ముప్పది యేండ్లు పట్టినది.

తరువాత బ్రిటనులో ఈ వ్యాధి చాలవఱకు తగ్గిపోయినది. కాని 1962లో స్కాట్లండునందలి గ్లాస్గో పట్టణమున స్థిరపడిన పాకిస్తాను వారిలో రికెట్సు కనబడుచున్నదని వైద్యులు వెల్లడించిరి. వారి తిండి మంచిది కాదనియు, వారి స్త్రీలు ఇల్లు వెడలకుండుటయే కారణమనియు పలువురు పలికిరి. ఆ మాటలలో కొంత నిజముండవచ్చును. కాని వలస వచ్చినవారి యలవాట్లను నిందించుటవలన ఒక్క బిడ్డ కాలైనను చక్కబడునా? 1979లో గ్లాస్గోలో ఆ పిల్లలకు డి విటమినును ఉచితముగా పంచుట ప్రారంభించిరి. కొన్నియేండ్లలోనే రికెట్సుతో ఆసుపత్రిలో చేరు పిల్లల సంఖ్య మిక్కిలి తగ్గినది. నింద చేయలేని పనిని మందుచుక్క చేసినది.

కావున నా యభిప్రాయమిది. రెండవ ప్రపంచయుద్ధకాలమున బ్రిటిషు ప్రభుత్వము తన ప్రజలకొఱకు మార్గరీనులో డి విటమినును కలుపవలెనని శాసించెను. అప్పు డెవరును ఆ ప్రజల యాచారములను నిందింపలేదు. ఫిన్లండులో 2003 నుండి పాలలో దీనిని కలుపుచుండగా ప్రజల రక్తములో దాని పరిమాణము పెరిగినది. మన వారిచేత పని చేయించుకొను దేశములు, మన వారు తిను పిండిలోను పాలలోను దీనిని కలుపుటకు ఏల వెనుదీయవలెను? ఇది దయ కాదు, న్యాయము.

అయినను ప్రభుత్వములు కదలు వఱకు మనము చేతులు ముడుచుకొని కూర్చుండరాదు. శరత్కాలమునందును శీతకాలమునందును ప్రతివారును దినమునకు 10 మైక్రోగ్రాముల డి విటమినును పుచ్చుకొనుట మంచిదని బ్రిటనులోని ఆరోగ్యాధికారులు 2016లో తెలిపిరి. మనవంటి నల్లని చర్మము గలవారు ఏడాది పొడవునను పుచ్చుకొనుట మేలని చెప్పిరి. మంచిది గదా యని మితిమీఱి మ్రింగరాదు. ఎక్కువైనచో రక్తములో కాల్షియము హెచ్చి మూత్రపిండములకు కీడు కలుగును. వైద్యుని సలహా పొందవలెను.

ఎండ కాయు మన దేశమునందును, దినమంతయు నాలుగు గోడల నడుమ గడుపు పట్టణవాసులలో ఈ కొఱత విరివిగా నున్నది. నలుపెక్కుదుమను భయముతో ఎండకు దాగు బాలికలు ఇది గుర్తెఱుగవలెను.

తల్లిదండ్రులారా! దూరదేశముననున్న బిడ్డకు ఈసారి ఫోను చేసినప్పుడు భోజనము చేసితివా యని యడుగుటతో నిలువక, డి విటమిను పుచ్చుకొనుచున్నావా యనియు నడుగుడని నా మనవి.