సరస్వతి ఆకు: గుర్తింపే తొలి చికిత్స

పరీక్షల కాలం సమీపించగానే పిల్లల జ్ఞాపకశక్తి కొరకు సరస్వతి ఆకు రసం తాగించే ఇళ్ళు కోనసీమలో అనేకం. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల వారికి ఇది కొనవలసిన వస్తువు కాదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటి నుండి కాలువ నీరు పారుతున్న ఈ సీమలో గట్ల వెంట, కొబ్బరితోటల బోదెలలో అది తనంతట పెరుగుతుంది. అయితే ఆ తేమనే ఆశ్రయించి దానిని పోలిన మొక్కలూ పెరుగుతాయి. చిక్కంతా అక్కడే ఉంది.

చరకుడు మేధ్య రసాయనాలలో చెప్పిన మండూకపర్ణియే మన సరస్వతి ఆకు. నేలపై ప్రాకుతూ కణుపు కణుపున వేళ్ళూనుతుంది. ఆకు మూత్రపిండాకారంలో, అంచున గుండ్రని నొక్కులతో ఉంటుంది. పువ్వులు మిక్కిలి చిన్నవి, లేత ఎరుపు. ఎలుకచెవి ఆకు కూడా ఇట్లే ప్రాకుతుంది, ఆకారమూ దాదాపు ఇంతే. కాని దాని పువ్వు పసుపుపచ్చని గంట. ఇక నీరుబ్రాహ్మి ఆకులు చిన్నవి, దళసరివి. పువ్వు తెలుపు లేక లేత నీలం. భారత ప్రభుత్వ ఆయుర్వేద ఔషధకోశం బ్రాహ్మిని, మండూకపర్ణిని వేర్వేరు ద్రవ్యాలుగానే పేర్కొన్నది.

పోలికను మాత్రమే నమ్మరాదనుటకు ఉత్తర భారత నదీతీరాలలో పెరిగే జలధనియా చక్కని నిదర్శనం. పసుపు పూల ఆ కలుపుమొక్క ఆకు కొత్తిమీరను తలపిస్తుంది. కాని పచ్చిమొక్క రసం తగిలితే చర్మం బొబ్బలెక్కుతుంది. తింటే నోరు, కడుపు మండుతాయి.

మొక్క సరియైనదే అయినా చోటు సరియైనది కాకపోవచ్చు. పురుగుమందులు చల్లిన చేలనుండి వచ్చే మురుగు, ఊరి మురుగు కలిసే కాలువ ప్రక్కన పెరిగిన ఆకు ఔషధమెట్లవుతుంది? సీసం, కాడ్మియం వంటి లోహాలను నీరుబ్రాహ్మి తనలోనికి పీల్చుకొంటుందని పరిశోధనలు తెలిపాయి.

కనుక నా అభిప్రాయం ఇది. గట్టుమీది ఆకును పసివారి నోటికి అందించే అలవాటు మానాలి. పువ్వుతో సహా మొక్కను తెలిసిన వైద్యునికి చూపి నిర్ధారించుకొని, ఒక కాడను ఇంటి కుండీలో నాటుకొని, మంచినీటితో పెంచుకోవాలి. గర్భిణులు, కాలేయ వ్యాధిగ్రస్తులు వైద్యుని సలహా లేనిదే వాడరాదు. పెరటి వైద్యం గొప్పదే. పెరటిలో ఉన్నదేమిటో తెలిసినప్పుడే.