ఆలస్యముగ వచ్చు వీరుడు

ఈ మాసమున మేము ముచ్చటింప బూనినది యొక వీడియో ఆటను గురించి. ఆటల గొడవ మనకేల యని పుట త్రిప్పకుడు. ఈ యాటకై మా మరిది యెనిమిది మాసములు ఎదురుచూచెను. తుదకు ఆతని కష్టార్జితము మా చేత నుండగా, ఇత్తుమా మానుదుమా యను చిక్కు మాకే వచ్చిపడినది.

మొదట కథ చెప్పవలెను. జపాను దేశమున బొమ్మల కథలను మాంగా లందురు. అవి కదలు బొమ్మలైనచో యానిమే యందురు. ‘వన్’ అను కలముపేరు గల రచయిత 2009లో ‘వన్ పంచ్ మ్యాన్’ అను కథ నారంభించెను. 2012 నుండి యూసుకే మురాత దానికి క్రొత్తగ బొమ్మలు గీయసాగెను. 2015లో అది యానిమేగా వెలువడెను. కథానాయకుడు సైతామా. అతడు మూడేండ్లపాటు దినమునకు నూరేసి దండీలును బస్కీలును తీసి, పది కిలోమీటర్లు పరుగెత్తెనట. తలవెండ్రుకలు రాలిపోయినవి గాని, ఎట్టి శత్రువునైనను ఒక్క గ్రుద్దుతో గూల్చు బలము వచ్చినది. ఆ బలమే యాతనికి శాపమైనది. పోరునందు రుచి నశించెను.

ఈ కథను ద్వంద్వయుద్ధపు టాటగా చేయుచున్నామని 2019 జూన్ మాసమున ప్రకటించిరి. ఒక్క గ్రుద్దుతో ముగియు పోరులో నింక ఆట యేమున్నది? నిర్మాతలైన స్పైక్ చున్‌సాఫ్ట్ వారు దీనికి చక్కని యుపాయము పన్నిరి. ఆటగాడు ముగ్గురు వీరులను గూర్చుకొనును. అందు సైతామా యున్నచో నతడు వెంటనే రాడు. అతడు వచ్చువరకు తక్కిన యిరువురు దెబ్బలకోర్చి నిలువవలెను. వారు నేర్పుతో పోరాడినకొలది యాతని రాక త్వరపడును. వచ్చిన పిమ్మట ఒక్క గ్రుద్దే!

2020 ఫిబ్రవరి మాసమున ఆట ప్రపంచమంతట విడుదలయ్యెను. విమర్శకులు మాత్రము రెండు విధముల బలికిరి. వీరుడు ఆలస్యముగ వచ్చు నేర్పాటును, కథలోని హాస్యమును మెచ్చుకొనిరి. చేసిన పనినే మరల మరల చేయించుచున్నారనియు, బొమ్మలు నాసిగ నున్నవనియు, యుద్ధమున లోతు లేదనియు దూషించిరి.

మా మరిది యింజనీరింగు చదువుచు, సాయంకాలములు పిల్లలకు లెక్కలు చెప్పి కూడబెట్టిన సొమ్మును మాయొద్ద దాచుకొనుచుండెడివాడు. ఆ సొమ్మడుగగా, చదివిన విమర్శలన్నియు నేకరువు పెట్టి, “గొంతు నొప్పిపుట్ట పాఠములు చెప్పి గడించిన డబ్బు గదా నాయనా, నలుగురు పెదవి విరిచిన వస్తువునకా?” యంటిమి.

అతడు నవ్వి, “వారు చెప్పినది నిజమే కావచ్చును వదినా! వారు ఆట యెట్లున్నదో చూచిరి. నేను ఆ సైకిలువాని పక్షమున నొక్కసారి నిలువవలెనని యెదురుచూచుచున్నాను” అనెను.

సైకిలువాడన ముమెన్ రైడర్ అను చిన్న వీరుడు. ఆతనికి గొప్ప శక్తి లేదు. తొక్కు సైకిలొక్కటే వాహనము. సముద్రమునుండి వచ్చిన రాక్షసుడు జనులు తలదాచుకొన్న చోటిపై బడినప్పుడు, గెలువనని తెలిసియు నెదురు నిలిచి దెబ్బలు తినెను. అంతలో సైతామా వచ్చెను.

మేము మారు పలుకక సొమ్మిచ్చితిమి.

కొన్నాళ్లకు మరిది యింటికి వచ్చి ఆట చూపెను. తెరపై సైతామా రాకకు గడువు కనబడుచుండెను. ముమెన్ రైడర్ పడుచు లేచుచు నుండగా మాకు పద్మవ్యూహములోని యభిమన్యుడు మనసున మెదలెను. సైంధవు డడ్డగింపగా ఆ బాలునికి తోడు రాలేదు; ఇచట ఆలస్యముగనైనను వచ్చెను. అప్పుడు చూచుకొంటిమి, మా పిడికిట పమిటకొంగు నలిగిపోయి యుండెను!

మరిదియే పిమ్మట, “చేసిన పనులే మరల చేయించుచున్నారను మాట నిజమే వదినా, విసుగు పుట్టినది. అయినను కొన్నందుకు విచారము లేదు” అని యొప్పుకొనెను. ఆ మాట మాకు నచ్చినది. ప్రీతిచేత తప్పును గప్పలేదు. తప్పు చూచి ప్రీతిని విడువలేదు.

సోదరీమణులారా! పిల్లలు దేనికైన నువ్విళ్లూరునపుడు పదిమంది తీర్పు చదువుట మంచిదే. సొమ్ము వారిది, శ్రమ వారిది. కాని దానియందు వారికేమి ప్రియమో ముందుగ నడుగుడు. మేము అడుగకయే తీర్పు చెప్పబోతిమి. ఒక్క గ్రుద్దు వీరుని చూచుటకే యాతడు తహతహలాడుచున్నాడని తలచితిమి. అతడు కోరినది, ఆ వీరుడు వచ్చువరకు నిలిచియుండు బలహీనుని ప్రక్కన చోటు. ఇంటింట నట్టి నిలుకడ యెరిగిన మనకు ఆ కోరిక తెలియనిదా?