గుండెకు తెలియకుండా కాలేయానికి కబురు

పొద్దున్నే పరగడుపున ఓ చిన్న మాత్ర. ఆ తర్వాత అరగంట, గంట దాకా కాఫీ జోలికి వెళ్లకూడదు. థైరాయిడ్ సమస్య ఉన్నవాళ్ల ఇళ్లలో ఇది రోజూ ఉండే నియమమే. ఇంతకీ ఆ మాత్రలో ఉండే మందు ఎంతో తెలుసా? రోజుకు 100 మైక్రోగ్రాములు వాడే మనిషికి ఒక్క గ్రాము మందు 27 ఏళ్లకు సరిపోతుంది! ఒంట్లో వేడి, గుండె కొట్టుకునే వేగం, కొలెస్ట్రాల్, ఎముకల గట్టిదనం... ఇన్నిటి మీదా ఆ పిసరంత మందు ప్రభావం ఉంటుంది. ఎలా?

గుట్టంతా కణాల్లో ఉండే రిసెప్టర్లది. మెడ దగ్గరి థైరాయిడ్ గ్రంథి ఎక్కువగా తయారుచేసేది టీ4 అనే హార్మోను. ఒక్కో అణువులో నాలుగు అయోడిన్లు ఉంటాయి కాబట్టి ఆ పేరు. మాత్రలో ఉండేదీ ఇదే. ఒంట్లోకి వెళ్లాక ఒక అయోడిన్ ఊడిపోయి టీ3 అవుతుంది. అసలు పని చేసేది ఈ టీ3నే. రిసెప్టర్‌ను ఇది టీ4 కంటే సుమారు పది రెట్లు గట్టిగా పట్టుకుంటుంది.

ఇన్సులిన్ లాంటి హార్మోన్లు కణం గుమ్మం దగ్గరే ఆగి తలుపు తడతాయి. థైరాయిడ్ హార్మోను అలా కాదు. నేరుగా లోపలికెళ్లి, కేంద్రకంలో డీఎన్‌ఏ మీద కూర్చున్న రిసెప్టర్‌ను కలుస్తుంది. హార్మోను వచ్చేదాకా ఆ రిసెప్టర్ ఊరికే ఉండదు. చాలా జన్యువులను పనిచేయనివ్వకుండా నొక్కిపెడుతుంది. హార్మోను రాగానే తీరు మార్చుకుని వాటినే పనిలోకి దించుతుంది.

రిసెప్టర్ తాళం, హార్మోను తాళంచెవి అని చెప్పడం పరిపాటి. కానీ 1995లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు ఎక్స్‌రేల సాయంతో ఈ రిసెప్టర్ ఆకారాన్ని చూసినప్పుడు కనిపించింది వేరు. హార్మోను లాంటి అణువు పైపైన అతుక్కుని లేదు. బూరెలో పూర్ణంలా ప్రొటీన్ నడిమధ్యన ఉంది! చుట్టూ ప్రొటీన్ ముడుచుకుంటుంది. దాని చివరి తునక మూతలా వచ్చి కప్పేస్తుంది. ఆ మూత సరిగ్గా పడితేనే, జన్యువులతో పని చేయించే సహాయక ప్రొటీన్లు వచ్చి అతుక్కోవడానికి చోటు ఏర్పడుతుంది. పడకపోతే కబురు అందనట్టే.

అన్నదమ్ములిద్దరు

ఈ రిసెప్టర్లలో ఆల్ఫా, బీటా అని రెండు రకాలు. గుండెలో, ఎముకల్లో పెత్తనం ఎక్కువగా ఆల్ఫాది. కాలేయంలో బీటాది. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథిలో కూడా బీటాదే మాట. హార్మోను చాలిందో లేదో తేల్చేది అక్కడే. టీఎస్‌హెచ్ పరీక్షలో కనిపించే అంకె ఒక రకంగా ఆ బీటా చెప్పిన తీర్పే.

మరి ఆ బీటాయే చెడితే? కొందరిలో పుట్టుకతోనే అలా జరుగుతుంది. ఇలాంటి ఒక కుటుంబం గురించి 1967లోనే వైద్యులు రాశారు. బీటా జన్యువులో లోపమే కారణమని చాలా ఏళ్ల తర్వాత తేలింది. వీళ్లలో పిట్యూటరీకి హార్మోను మాట సరిగా వినపడదు. ఇంకా కావాలంటూ థైరాయిడ్‌ను తరుముతూనే ఉంటుంది. రక్తంలో హార్మోను పెరిగిపోతుంది. ఆల్ఫా బాగానే ఉన్న గుండెకు మాత్రం అదంతా వినపడి దడదడలాడుతుంది. ఒకే మనిషిలో ఒక అవయవానికి లోటు, ఇంకో అవయవానికి ఎక్కువ!

బరువు తగ్గాలని థైరాయిడ్ మాత్రలు మింగేవాళ్లకు దెబ్బ తగిలేది కూడా ఇక్కడే. ఆ మాత్రకు కాలేయం ఏదో, గుండె ఏదో తెలియదు. అన్నదమ్ములిద్దరినీ లేపుతుంది. మోతాదు మించితే గుండె లయ తప్పొచ్చు, ఎముకలు గుల్లబారొచ్చు. అమెరికాలో ఈ మందుతో ఇచ్చే సమాచారంలో 'బరువు తగ్గడానికి వాడరాదు' అనే మాటను చుట్టూ గడి కట్టి మరీ ముద్రిస్తారు. పక్కింటావిడ వాడుతోంది కదా అని తెచ్చుకునే మందు కాదిది.

పరిశోధకులు కూడా ఒకప్పుడు ఈ చిక్కులోనే పడ్డారు. థైరాయిడ్ తగ్గితే కొలెస్ట్రాల్ పెరుగుతుంది. మరి హార్మోను ఇస్తే తగ్గాలి కదా! 1966లో అమెరికాలో మొదలైన 'కరోనరీ డ్రగ్ ప్రాజెక్ట్'లో, గుండెపోటు వచ్చి బతికిన 8,341 మంది మగవాళ్లను తీసుకున్నారు. వాళ్లలో కొందరికి డెక్స్‌ట్రోథైరాక్సిన్ ఇచ్చారు. ఇది టీ4కు అద్దంలో నీడ లాంటిది. కొలెస్ట్రాల్ తగ్గింది. కానీ ఉత్తుత్తి మాత్రలు వేసుకున్నవాళ్లలో కంటే వీళ్లలోనే ఎక్కువమంది చనిపోతున్నట్టు కనిపించింది. ఆ మందును మధ్యలోనే ఆపేశారు.

ఒక్క అమైనో ఆమ్లం సందులోంచి...

1986లో రిసెప్టర్ల జన్యువులు దొరకడంతో ఆశ మళ్లీ చిగురించింది. అవి దొరికిన తీరూ విచిత్రమే. కోళ్లకు రక్తక్యాన్సర్ తెచ్చే ఒక వైరస్ జన్యువుకు చుట్టాలెవరా అని వెతుకుతుంటే థైరాయిడ్ రిసెప్టర్ బయటపడింది!

హార్మోను దూరే గూడును రెండింటిలోనూ పోల్చిచూస్తే లోపలి గోడల్లో తేడా ఒకే ఒక్క అమైనో ఆమ్లం. ఆల్ఫాలో సెరీన్ ఉన్నచోట బీటాలో ఆస్పరజీన్ ఉంది. అంతే. కెమిస్టులు ఆ సందునే పట్టుకున్నారు. 1998లో శాన్‌ఫ్రాన్సిస్కోలోనే థామస్ స్కాన్లన్ బృందం జీసీ-1 అనే అణువును ప్రకటించింది. అందులో అయోడిన్ ఒక్కటీ లేదు. అయినా బీటా దాన్ని హార్మోను అనుకుంది. ఆల్ఫా అంతగా పట్టించుకోలేదు.

ఆ దారిలోనే స్వీడన్ నుంచి ఎప్రోటిరోమ్ వచ్చింది. మనుషుల్లో కొలెస్ట్రాల్‌ను బాగానే తగ్గించింది. ఇక గెలిచినట్టే అనుకుంటుండగా, కుక్కల మీద జరిపిన దీర్ఘకాల పరీక్షల్లో మృదులాస్థి దెబ్బతిన్నట్టు తేలింది. 2012లో దాన్నీ మూలన పెట్టారు.

చివరికి గట్టెక్కింది రెస్మెటిరోమ్. గురి కొలెస్ట్రాల్ మీద నుంచి ఫ్యాటీ లివర్ మీదికి మారింది. ఇది బీటాను ఎంచుకోవడమే కాదు, ఎక్కువగా కాలేయంలోకే చేరుతుంది. 966 మందితో జరిగిన పరీక్షలో ఏడాది తర్వాత కాలేయంలోంచి చిన్న ముక్క తీసి చూశారు. రోజుకు 100 మిల్లీగ్రాములు వాడినవాళ్లలో నూటికి 30 మందికి కొవ్వు వల్ల వచ్చిన వాపు తగ్గుముఖం పట్టింది. ఉత్తుత్తి మాత్రలు వేసుకున్నవాళ్లలో అది 10 మందికే. మిగతా 70 మంది మాటేమిటన్నది కూడా అడగాల్సిందే. విరేచనాలు, వికారం కొందరిని ఇబ్బంది పెట్టాయి. 2024 మార్చిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దీనికి ఆమోదం ఇచ్చింది. కాలేయం గట్టిపడటం మొదలై ఇంకా సిర్రోసిస్ దాకా వెళ్లనివాళ్లకు, అదీ ఆహార నియమం, వ్యాయామంతో కలిపి. దీర్ఘకాలంలో మేలు ఉంటుందని కంపెనీ ఇంకా నిరూపించాలనే షరతు కూడా ఉంది.

పరగడుపున వేసుకునే ఆ చిన్న మాత్రకు మాత్రం ఇది బదులు కాదు. థైరాయిడ్ తక్కువైనవాళ్ల గుండెకు, ఎముకలకు ఆల్ఫా ద్వారానే కబురు అందాలి. రెస్మెటిరోమ్‌ను తయారుచేసిందే ఆ కబురు అటు వెళ్లకుండా!