బీపీ ఒక్కటేగా!

మన ఇళ్లల్లో నలభై దాటినవాళ్లని ఆరోగ్యం ఎలా ఉందని అడిగి చూడండి. "ఏముందీ, బీపీ ఒక్కటే. మాత్ర వేసుకుంటున్నాగా" అంటారు. ఆ "ఒక్కటే" అన్న మాటతోనే నా పేచీ. బీపీ చాలాసార్లు పిల్లాపాపలతో సహా దిగే చుట్టం.

డాక్టర్లు మెటబాలిక్ సిండ్రోమ్ అనేది దీన్నే. ఐదు లెక్కలు చూస్తారు. నడుము చుట్టుకొలత మన మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 చేరడం. బీపీ 130/85 చేరడం. పరగడుపు షుగరు 100 చేరడం. రక్తంలో ట్రైగ్లిజరైడ్లనే కొవ్వు 150 చేరడం. మంచి కొలెస్ట్రాల్ మగవాళ్లకి 40, ఆడవాళ్లకి 50 కన్నా తగ్గడం. వీటిలో ఏ మూడు ఉన్నా సిండ్రోమ్ ఉన్నట్టే. బీపీ ఉన్నవాళ్లకి ఒకటి ఎలాగూ ఉంది, ఇంకో రెండు చాలు!

షుగరు 110 వస్తే "హమ్మయ్య, జబ్బు రాలేదు" అనుకుంటాం. విడివిడిగా చూస్తే ఏ అంకే భయపెట్టదు. అవి కలిసినకొద్దీ గుండెజబ్బు, పక్షవాతం, షుగరు వ్యాధి ముప్పు మరింత పెరుగుతుంది.

ఇందులో ఆడవాళ్ల సంగతి మరీ అన్యాయం. మగవాళ్లకి ప్యాంటు బిగుతైతే తెలుస్తుంది. మన చీర, నైటీ ఏం చెబుతాయి? లంగా బొందు కాస్త వదులుగా ముడేసుకుంటాం, అంతే. ఎవరైనా అడిగితే "పిల్లలు పుట్టాక మామూలేగా" అనేస్తాం.

ఇక వంటింటికి వద్దాం. బీపీ అనగానే ఉప్పు తగ్గించి చేతులు దులుపుకుంటాం. ఉప్పు తగ్గించాల్సిందే, రోజుకి 5 గ్రాములు దాటొద్దంటారు. కానీ రెండోసారి, మూడోసారి వడ్డించుకునే అన్నం, టీలో పంచదార, పక్కన బిస్కెట్లు? ట్రైగ్లిజరైడ్లు నూనె వల్లే పెరుగుతాయనుకుంటాం గానీ, అన్నం, తీపి, మందు మితిమీరినా పెరుగుతాయి.

ఇంట్లో ఒకరికి చప్పిడి కూర, మిగతావాళ్లకి మామూలు కూర వండే పద్ధతి నాకసలు నచ్చదు. వండేవాళ్లకి రెట్టింపు చాకిరీ, తినేవాళ్లకి శిక్ష. నాలుగు రోజుల్లో ఇద్దరూ విసిగిపోతారు. ఇంటిల్లిపాదికీ ఒకే వంట చేసి, కంచంలో సగం కూరలూ ఆకుకూరలే ఉండేలా వడ్డిస్తే పిల్లలకీ అదే అలవాటవుతుంది. భోజనమయ్యాక అందరూ కలిసి అరగంట నడవండి. కాకపోతే, నడుము తగ్గింది కదా అని బీపీ మాత్ర మాత్రం సొంతంగా మానొద్దు.

కుట్టుమిషను సొరుగులో టేపు ఉంటుంది కదా, ఈ ఆదివారం తియ్యండి. కింది పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్యన, పొట్ట లోపలికి లాక్కోకుండా, ఊపిరి మామూలుగా వదిలి కొలవండి. బీపీ ఉన్నవాళ్లు ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు పరగడుపు షుగరు, లిపిడ్ ప్రొఫైల్ పరీక్షల గురించి కూడా అడగండి.

అన్నట్టు, ఆయన్ని పిలిచే ముందు మీ నడుము కొలుచుకోండి. మనింట్లో ఎప్పుడూ ఆఖర్న మిగిలేది మనమేగా!