వెనుక చక్రాలపై వేసిన నింద

అక్టోబరు వచ్చి మేపుల్ ఆకులు ఎర్రబారడం మొదలుపెట్టగానే డెట్రాయిట్ పరిసరాలలోని మనవాళ్ళ ఇళ్ళలో ఒక హితోపదేశం వినిపిస్తూ ఉంటుంది. నోవైలోనో, ట్రాయ్‌లోనో ఏ విందుకు వెళ్ళినా, కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రవాడొకడు వేసవిలో మోజుపడి కొనుక్కున్న మియాటా గురించో మస్టాంగ్ గురించో ఉత్సాహంగా చెబుతూ ఉంటాడు. పక్కనున్న పెద్దాయన పెదవి విరిచి, "వెనుక చక్రాల బండి మంచులో పనికిరాదు నాయనా! మంచు పడకముందే అమ్మేసి, నాలుగు చక్రాలూ లాగే బండి కొనుక్కో" అంటాడు. ఈ మాట ఎంత తరచుగా వినబడుతుందంటే, దానిని ఒకసారి తర్కించి చూద్దామన్న ఆలోచన కూడా ఎవరికీ కలగదు.

నా అభిప్రాయం ముందుగానే మనవి చేస్తాను. మంచులో జరిగే అనర్థానికి నిందితుడు ఏ చక్రాలు లాగుతున్నాయన్న విషయం కాదు. ఆ చక్రాలకు తొడిగిన రబ్బరు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, మనం టైరు చేసిన తప్పును ఇంజనీరు వేసిన అమరిక మీదకు నెడుతున్నాము. దీనివల్ల ముచ్చటైన కార్లు కొన్ని అన్యాయంగా చేతులు మారుతున్నాయంటే అది చిన్న నష్టమే. పెద్ద నష్టం వేరే ఉంది. నాలుగు చక్రాలూ లాగే బండి కొన్నవాడు తనకిక ఢోకా లేదనుకుని, అరిగిన టైర్లతోనే భార్యాబిడ్డలను ఎక్కించుకుని హైవే మీదకు వెళుతున్నాడు.

మొదట కాస్త చరిత్ర. మంచుదేశమైన స్వీడన్‌లో తయారైన వోల్వో 240 అనే కారు 1974 నుంచి 1993 వరకు వచ్చింది. అది వెనుక చక్రాల బండే. 2011లో ఉత్పత్తి నిలిచిపోయేదాకా అమెరికా పోలీసులు విరివిగా వాడిన ఫోర్డ్ క్రౌన్ విక్టోరియా కూడా వెనుక చక్రాల బండే. అంతదాకా ఎందుకు, మన నాన్నలూ తాతలూ ఎక్కిన అంబాసిడర్ మాత్రం మరేమిటి? వానాకాలపు బురదలో, ఏటి ఒడ్డున ఇసుకలో అది మనలను ఈడ్చుకుపోయింది వెనుక చక్రాలతోనే కదా! ముందు చక్రాలు లాగే బండి మన మధ్యతరగతి వాకిట్లోకి వచ్చింది 1983లో మారుతి 800తో. అంతకు ముందు జారుడు నేల మీద ప్రయాణం ఎవరూ మానుకోలేదు.

అయితే పెద్దాయన మాటలో సత్యం బొత్తిగా లేదా అంటే, ఉంది. ముందు చక్రాలు లాగే బండిలో ఇంజను కూడా ముందే ఉంటుంది కనుక, బరువులో సుమారు అరవై శాతం లాగే చక్రాల మీదే పడుతుంది. మియాటా వంటి స్పోర్ట్స్ కారులో బరువు ముందుకూ వెనక్కూ దాదాపు సరిసమానం. పొడినేల మీద వేగం అందుకునేటప్పుడు బరువు వెనక్కు ఒరిగి, వెనుక చక్రాల పట్టు పెరుగుతుంది. మంచు మీద అంత జోరుగా కదలడమే సాధ్యం కాదు గనుక ఆ లాభం దక్కదు. అందుచేత ఎత్తు ఎక్కడంలోనూ, నిలిచినచోటి నుంచి కదలడంలోనూ వెనుక చక్రాల బండి కొంత వెనుకబడే ఉంటుంది. దీనిని కాదనడం మూర్ఖత్వం.

కాని, కదలడం వేరు, ఆగడం వేరు. బ్రేకులు ప్రతి కారుకూ నాలుగు చక్రాలకూ ఉన్నాయి. ఎర్రదీపం దగ్గర ఆగవలసి వచ్చినప్పుడు, మలుపులో పక్కకు జారకుండా నిలవవలసి వచ్చినప్పుడు, ఇంజను ఏ చక్రాలను తిప్పుతున్నదన్న ప్రశ్నకు విలువ బహుస్వల్పం. అప్పుడు రోడ్డుకూ మనకూ మధ్య ఉన్నది నాలుగు అరచేతులంత రబ్బరు మాత్రమే. నాలుగు చక్రాలూ లాగే బండి సులువుగా కదులుతుంది కాబట్టి రోడ్డు ఎంత జారుతున్నదో నడిపేవాడికి తెలియనివ్వదు. ఆ సంగతి అతనికి మొదటిసారి తెలిసేది బ్రేకు తొక్కినప్పుడు. వెనుక చక్రాల బండి మాత్రం ఇంటి ముంగిట కదిలేటప్పుడే తోక ఊపి, "ఈ రోజు జాగ్రత్త సుమా" అని హెచ్చరిస్తుంది. నన్నడిగితే అది దోషం కాదు, నిజాయితీ.

ఇక అసలు సిద్ధపరచడం గురించి. చాలా స్పోర్ట్స్ కార్లు కర్మాగారం నుంచే వేసవి టైర్లతో వస్తాయి. ఉష్ణోగ్రత సుమారు 7 డిగ్రీల సెల్సియస్‌కు దిగువకు పోతే ఆ రబ్బరు బిగుసుకుపోవడం మొదలవుతుంది. మంచు ఉండనక్కరలేదు, చలి చాలు. గడ్డకట్టే చలిలో అది ఇంచుమించు గట్టి ప్లాస్టిక్కులా మారుతుంది. మరీ చలిలో నడిపితే పగుళ్ళు కూడా వస్తాయని తయారీదారులే హెచ్చరిస్తారు. ఆగస్టులో వుడ్‌వర్డ్ అవెన్యూ మీద పులిలా తిరిగిన మస్టాంగ్ డిసెంబరులో మొదటి మలుపు దగ్గరే గింగిరాలు తిరగడంలో వింత లేదు. పట్టుచెప్పులు వేసుకుని పాచిపట్టిన నూతిగట్టు మీద నడిచినవాడు జారిపడితే తప్పు కాళ్ళది అంటామా?

శీతకాలపు టైరులో రబ్బరు చలిలోనూ మెత్తగా ఉండేటట్టు కలుపుతారు. దాని ముఖం మీద సన్నని చీలికలు వందలాదిగా ఉంటాయి. గాళ్ళలో ఇరుక్కున్న మంచు రోడ్డు మీది మంచును పట్టుకుంటుంది. పిల్లలు మంచుముద్దలు చేసేటప్పుడు మంచు మంచుకు అంటుకునే సూత్రమే ఇది. కొనేటప్పుడు టైరు పక్కగోడ మీద మూడు శిఖరాల పర్వతం, అందులో హిమకణం ఉన్న గుర్తు కోసం చూడండి. ఒట్టి 'ఎం ప్లస్ ఎస్' అన్న అక్షరాలను నమ్ముకోవద్దు. అవి చాళ్ళ ఆకృతిని గురించి చెప్పేవే గాని మంచులో పరీక్షించిన ఫలితాన్ని చెప్పేవి కావు. వయసు కూడా చూడండి. పక్కగోడ మీది సంకేతంలో చివరి నాలుగు అంకెలు 3522 అని ఉంటే, అది 2022వ సంవత్సరం 35వ వారంలో పుట్టిన టైరని అర్థం.

ఇక్కడ మనవాళ్ళు చేసే పొదుపు ఒకటి ఉంది: లాగేవి వెనుకవే కదా అని రెండే కొని వెనక్కు వేయించడం. ఇది పొదుపు కాదు, ప్రాణాలతో చెలగాటం. వెనుక పట్టు ఉండి ముందు లేకపోతే స్టీరింగు తిప్పినా బండి తిరగదు, సరిగా ఆగదు. నాలుగూ ఒకే రకం ఉండాలి. వీలైతే రిమ్ములు ఒక అంగుళం చిన్నవి, టైర్లు కాస్త సన్నవి ఎంచుకోవాలి. ఇప్పటి తరం మియాటానే తీసుకుంటే, కంపెనీ దానిని 17 అంగుళాల రిమ్ముల మీద 205 మిల్లీమీటర్ల టైర్లతోనూ, 16 అంగుళాల మీద 195 మిల్లీమీటర్ల టైర్లతోనూ అమ్మింది. చలికాలానికి రెండవది మేలు. వెడల్పాటి టైరు మంచు మీద తేలుతుంది. సన్నటిది దానిని కోసుకుంటూ దిగుతుంది. పెద్ద బ్రేకులున్న మోడలైతే చిన్న రిమ్ము పడుతుందో లేదో మాత్రం ముందే కనుక్కోవాలి.

ఖర్చు మాట ఎత్తకుండా మనలో ఏ చర్చా ముగియదు కదా. రిమ్ములతో సహా ఒక జత నాలుగు టైర్లకు వెయ్యి డాలర్లు, అటూ ఇటూగా అవుతుంది. ఆ నాలుగు నెలలూ వేసవి టైర్లు గ్యారేజీలో విశ్రాంతి తీసుకుంటాయి గనుక వాటి ఆయుష్షు పెరుగుతుంది. ఖర్చులో కొంత అలా తిరిగి వస్తుంది. బండి మార్చడానికి అయ్యే వేల డాలర్ల ముందు ఇదెంత! కెనడాలోని క్యుబెక్ రాష్ట్రంలో 2008 నుంచి శీతకాలపు టైర్లు చట్టరీత్యా తప్పనిసరి. 2019 నుంచి ఆ గడువు డిసెంబరు 1 మొదలు మార్చి 15 దాకా. జర్మనీలో మంచు రోడ్డు మీదకు సరైన టైర్లు లేకుండా వస్తే జరిమానా. 2024 అక్టోబరు నుంచి అక్కడ పర్వతం, హిమకణం గుర్తున్నవే చెల్లుతున్నాయి. ఈ రెండుచోట్లా చట్టం బండి ఏ చక్రాలతో నడుస్తుందని అడగదు, టైరు ఏదని అడుగుతుంది. మా మిచిగన్‌లో అటువంటి నిర్బంధం లేదు. చట్టం చెప్పకపోయినా వివేకం చెప్పకూడదా?

అయితే ఇల్లలకగానే పండుగ కాదు. చలికి బ్యాటరీ నీరసిస్తుంది. దాని మీద రాసి ఉండే 'కోల్డ్ క్రాంకింగ్ ఆంప్స్' అన్న సంఖ్య మైనస్ 18 సెల్సియస్ వద్ద అది ఇవ్వగల శక్తికి కొలత. 2019 జనవరి చివర ధ్రువపు చలి దిగి, డెట్రాయిట్‌లో మైనస్ 20 కూడా దాటిపోయినప్పుడు ఆ సంఖ్య విలువ చాలామందికి తెలిసివచ్చింది. రేడియేటర్లో కూలెంటు, నీరు సగం సగం ఉంటే సుమారు మైనస్ 37 దాకా గడ్డకట్టదు, కొలిపించుకోవడం మంచిది. ఉష్ణోగ్రత 10 ఫారెన్‌హీట్ డిగ్రీలు పడిపోతే టైర్లలో గాలి సుమారు ఒక పౌను తగ్గుతుంది; అక్టోబరులో నింపిన గాలి జనవరికి చాలదు. అద్దం మీద చిమ్మే ద్రవం వేసవిది ఉంటే పారబోసి చలికాలపుది పోయాలి. గుడ్డ టాపు ఉన్న బండి అయితే దాని నీటిదారులలో ఆకులు తీసివేయాలి. పాత మియాటాలకు వెనుక అద్దం ప్లాస్టిక్కుది. చలిలో టాపు మడిస్తే అది పగులుతుంది.

ఇసుక మూటల విషయంలో నాది కాస్త భిన్నాభిప్రాయం. వెనుక ఖాళీగా ఉండే పికప్ ట్రక్కుకు ఆ చిట్కా పనికివస్తుంది. బరువు సమానంగా పంచిన చిన్న కారులో, వెనుక ఇరుసుకు అవతల బరువు వేలాడదీస్తే, ఒకసారి తోక తిరగడం మొదలుపెట్టాక ఆపడం మరింత కష్టం. ఒక చిన్న ఇసుక సంచి ఉంచుకోండి. కూరుకుపోయినప్పుడు చక్రాల కింద చల్లడానికి అది అక్కరకు వస్తుంది.

కారుకు అసలు శత్రువు మంచు కాదు, ఉప్పు. కార్ల రాజధాని అని పేరుపొందిన డెట్రాయిట్ నగరం కింద, సుమారు 1,200 అడుగుల లోతున, నూరేళ్ళకు పైబడిన ఉప్పుగని ఉంది. పైన కార్లు చేసిన ఊరే కింద వాటిని తినేసే ఉప్పును దాచుకున్నది! పొడి రోజు చూసి, గడ్డకట్టని వేళలో, అడుగుభాగం కూడా తడిసేటట్టు కడిగించాలి. చలికాలానికి ముందే అడుగున తుప్పు నివారించే నూనె పూత వేయిస్తే ఇంకా మంచిది. కారును ప్రేమించేవాడు దానిని చలికాలమంతా దాచుకుంటానంటే నేను తప్పుపట్టేది ఈ ఒక్క కారణం ముందు మాత్రం కాదు.

చివరగా నడపడం. మెల్లగా అన్న ఒక్క మాటలో సగం విద్య ఉంది. గేర్లు చేత్తో మార్చే బండి అయితే రెండవ గేరులో కదలండి. మంచు మీద గేరు ఒక్కసారిగా దించి క్లచ్చి వదలవద్దు. వెనుక చక్రాలకు మాత్రమే బ్రేకు వేసినట్టయి తోక పక్కకు వస్తుంది. అలా వచ్చినప్పుడు యాక్సిలరేటరు మీది నుంచి కాలు నెమ్మదిగా తీసి, మీరు ఎటు పోదలచారో అటే చూస్తూ అటే స్టీరింగు తిప్పండి. 2012 మోడలు మొదలు అమెరికాలో అమ్మే ప్రతి కారుకూ బండిని నిలకడగా ఉంచే ఎలక్ట్రానిక్ వ్యవస్థ తప్పనిసరి అయింది. అది గొప్ప సహాయమే. కాని ఆ వ్యవస్థ కూడా ఉన్న పట్టును సర్దుబాటు చేయగలదే గాని లేని పట్టును పుట్టించలేదు. నార్వేలోనూ స్వీడన్‌లోనూ జారుడు నేల మీద శిక్షణ పొందనిదే లైసెన్సు ఇవ్వరు. మనం హైదరాబాదులోనో విజయవాడలోనో బండి నేర్చుకుని ఇక్కడకు దిగినవాళ్ళం. మన చేతులకు ఆ పాఠం ఎక్కడా అందలేదు. ఒక రోజు రుసుము చెల్లించి ఏ శిక్షణశాలలోనైనా దానిని నేర్చుకోవడం నామోషీ కాదు.

హద్దులు కూడా చెప్పాలి. బండి పొట్టకన్నా ఎత్తున మంచు పడితే ఏ టైరూ గట్టెక్కించదు. ఆ రోజు ఇంట్లో ఉండటమే ఉత్తమం. ఎక్కడైనా కూరుకుపోయి ఇంజను నడుపుతూ కూర్చోవలసి వస్తే, పొగగొట్టం చుట్టూ మంచు తీసివేయండి. విషవాయువు లోపలికి వస్తే మనిషికి తెలియను కూడా తెలియదు. కారులో ఒక కంబళి, చిన్న పార, తాగేనీరు ఎప్పుడూ ఉండాలి.

ఇంత చెప్పినా వెనుక చక్రాల బండి వద్దనేవారు ఉంటారు. వద్దనుకుంటే వద్దు, అది వారి ఇష్టం. నా విన్నపం ఒక్కటే. ఈసారి ఎవరైనా కుర్రవాడు తన కారు గురించి సలహా అడిగితే, "ఏ చక్రాలు లాగుతాయి?" అని కాక, "ఏ టైర్లు ఉన్నాయి?" అని అడగండి. ఆ తరువాత అదే ప్రశ్న, నాలుగు చక్రాలూ లాగే మన బండిని కూడా అడుగుదాం.